విత్తనపు మూట

పిల్లలూ! నేను ముప్ఫై అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. మొదట జమ్మలమడుగులో, తరవాత ప్రొద్దుటూరులో, చివరకు పులివెందుల పక్కన ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా. ఇంతకాలంలో నేను చెప్పిన మంచి మాటలు ఎన్నో నాకు గుర్తులేదు గాని, తొందరపడి చెప్పిన ఒక మాట మాత్రం బాగా గుర్తున్నది. దాన్ని దిద్దుకోవటానికి నాకు చిటికెన వేలంత చేప ఒకటి సాయం చేసింది. ఆ కథ మీకు చెబుతాను.

అది 2018 వ సంవత్సరం. మా బడికి చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళనుంచి పిల్లలు వచ్చేవారు. పులివెందులకు దగ్గర్లో, వేముల మండలంలో తుమ్మలపల్లె అనే ఊరున్నది. అక్కడి రాతిలో యురేనియం అనే లోహం ఉన్నది. అణువిద్యుత్తు తయారుచేసే చోట అదే ఇంధనం. 2007 లో అక్కడ గనికి శంకుస్థాపన జరిగింది. 2012 లో గని ప్రారంభమయింది. యురేనియం ఊరికే ఉండదు. కంటికి కనిపించని కిరణాలను తనంతట తానే వెదజల్లుతూ ఉంటుంది. గని చుట్టుపక్కల రైతులు కొందరు తమ బోరునీళ్ళు మునుపటిలా లేవని చెప్పేవారు. గని నడిపేవారు అది తమవల్ల కాదనేవారు. ఈ సంగతి 2019 లో పత్రికలకు కూడా ఎక్కింది.

ఒకరోజు సైన్సు మాస్టరు సెలవు పెట్టారు. పదో తరగతి పిల్లలు అల్లరి చేస్తూంటే నేనే వెళ్ళి పాఠం చెప్పాను. పాఠం అనువంశికతను గురించి. తల్లి పోలికలు, తండ్రి పోలికలు బిడ్డకు ఎట్లా వస్తాయో చెప్పాను. 1927 లో ముల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పండ్ల మీద వాలే చిన్న ఈగలకు ఎక్సు కిరణాలు తగిలిస్తే, వాటి సంతతిలో కొత్త కొత్త మార్పులు కనబడ్డాయనీ, అందుకు ఆయనకు 1946 లో నోబెల్ బహుమతి వచ్చిందనీ చెప్పాను. అంతవరకూ బాగానే ఉన్నది. గంట కొట్టేవేళకు, పాఠం ముగించాలన్న తొందరలో, "అందుచేత తల్లిదండ్రులకు ఈ కిరణాలు తగిలితే, పుట్టే పిల్లలు అవకరాలతో పుడతారు," అనేసి సుద్దముక్క బల్ల మీద పడేసి వచ్చేశాను.

నాలుగోరోజు శనివారం. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని, వేపచెట్టు కింద ఉన్న నీళ్ళబాన దగ్గర చేరారు. ఒక అమ్మాయి గ్లాసు అందుకోబోయింది. వెంటనే ఒక కుర్రవాడు గ్లాసు లాక్కుని, "నువ్వు బానను ముట్టుకోవద్దు. మీది గని ఊరు. నీ చెయ్యి తగిలితే మాకు కూడా అంటుకుంటాది. సారే చెప్పినాడు!" అన్నాడు.

నేను వరండాలోనే ఉన్నాను. "సారే చెప్పినాడు" అన్న మాట వినగానే నా గుండెలో రాయి పడ్డట్టయింది.

నేను అక్కడికి చేరేలోగా ఆ అమ్మాయి నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రం బడి వదిలాక, నా గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది.

"ఏమమ్మా?" అన్నాను.

"సార్, మా అన్న గనిలో పనికి పోతాడు. మా వదిన నీళ్ళు పోసుకోనుండాది. ఇప్పుడు అయిదో నెల. మీరు చెప్పినట్ల పుట్టే బిడ్డకు అవిటితనం వస్తాదా సార్?" అని అడిగింది. ఏడవలేదు. లెక్కకు జవాబు అడిగినట్టే అడిగింది.

నేను అవునని అనలేకపోయాను. కాదని కూడా అనలేకపోయాను, ఎందుకంటే నాకు తెలియదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పి పిల్ల మనసులో ముల్లు గుచ్చానని మాత్రం తెలిసింది. "సోమవారం చెబుతానమ్మా. నేను సగమే చెప్పాను. మిగతా సగం తెలుసుకుని వస్తాను," అన్నాను.

ఆ రాత్రి బస్సులో ప్రొద్దుటూరు చేరాను. మా ఇల్లు అక్కడే. నా అదృష్టం కొద్దీ మరునాడు నా పాత విద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చాడు. అతను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేపలను గురించి పనిచేస్తాడు. పెళ్ళికని ఊరికి వచ్చాడు. జరిగినదంతా అతనితో చెప్పాను.

అతను కాసేపు ఆలోచించి, "సార్, చారల చేపను గురించి విన్నారా?" అన్నాడు.

నేను నవ్వాను. "నాయనా, చిన్నప్పుడు జమ్మలమడుగు దగ్గర పెన్నేటిలో నీళ్ళు తగ్గి మడుగులు కట్టినప్పుడు, తువ్వాలుతో చేపపిల్లలను పట్టి సీసాల్లో వేసుకునేవాళ్ళం. అంతకుమించి చేపలను గురించి నాకేమీ తెలియదు," అన్నాను.

అప్పుడతను చెప్పాడు. చారల చేప నిడివి రెండు అంగుళాలు కూడా ఉండదు. ఒంటి మీద తలనుంచి తోకదాకా నీలపు చారలుంటాయి. అది మన దేశపు చేపే. ఉత్తరాన వాగుల్లోనూ, పొలాల పక్క నీళ్ళలోనూ తిరుగుతుంది. 1822 లో హామిల్టన్ అనే ఆయన తన గంగానది చేపల పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఇవాళ ప్రపంచంలో వందలకొద్దీ పరిశోధనశాలల్లో దీన్ని పెంచుతున్నారు. కారణమేమంటే, దీని గుడ్డు గాజుపూసలాగా స్వచ్ఛంగా ఉంటుంది. లోపల పిల్ల ఎట్లా తయారవుతున్నదో సూక్ష్మదర్శినిలోంచి గంట గంటకూ చూడవచ్చు. ఒక్క రోజు గడిచేసరికి చిన్నారి గుండె కొట్టుకోవటం కనిపిస్తుంది. మూడోరోజుకు పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికి వస్తుంది.

నార్వే దేశపు శాస్త్రజ్ఞులు ఈ చేపలతో ఒక ప్రయోగం చేసి, దాని ఫలితాలను 2017 లో ప్రకటించారు. వారు పెద్ద చేపలకు, కడుపులో గుడ్లూ బీజమూ తయారయ్యే కాలంలో, 27 రోజులు కోబాల్టు లోహంనుంచి వచ్చే గామా కిరణాలు తగిలించారు. కిరణాలను కొలవటానికి "గ్రే" అనే కొలత ఉన్నది. గ్రేలో వెయ్యోవంతు మిల్లీగ్రే. ఒక గుంపు చేపలకు గంటకు 53 మిల్లీగ్రేలు, రెండో గుంపుకు గంటకు 8.7 మిల్లీగ్రేలు ఇచ్చారు. మరో గుంపుకు ఏమీ తగిలించకుండా, పోల్చి చూడటానికి అట్టిపెట్టారు. తరవాత గుడ్లు పెట్టించి చూశారు. ఈ గుడ్లకు కిరణాలు తగలలేదు, జ్ఞాపకం ఉంచుకోండి. తగిలినది తల్లిదండ్రులకే.

మొదటి గుంపు చేపల గుడ్లలో ఒక్కటీ బతకలేదు. గుడ్డు ఫలదీకరణ చెందిన ఎనిమిదో గంటకు, ఏది తల, ఏది తోక, ఏది పొట్ట అని లోపల ఏర్పాటు జరిగే దశలో, అన్నీ చనిపోయాయి. రెండో గుంపు చేపల పిల్లలు బతికాయి. కాని వాటిలో వంకరలు మామూలుకన్న ఎక్కువగా కనబడ్డాయి. వాటి కణాల్లో ఉండే డి.ఎన్.ఏ. దెబ్బతిన్నట్టు కూడా తెలిసింది. అంతటితో ఆగక, ఆ తల్లిదండ్రుల చేత ఏడాది తరవాత మళ్ళీ గుడ్లు పెట్టించారు. ఈసారి పిల్లల్లో మొదట కనబడిన చెడు గుర్తుల్లో ఒకటి పోయి మామూలుగా అయింది. మరొకటి ఏడాది గడిచినా పోలేదు.

"అంటే నేను చెప్పింది నిజమేనా?" అన్నాను. నా గొంతు ఎండిపోయింది.

"నిజమే సార్. కాని ఎంత అనేది మీరు చెప్పలేదు," అన్నాడతను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పడుకుని ఆలోచిస్తూంటే మా నాయన చేసిన పని ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఆయన చెనిక్కాయల పంట ఇంటికి రాగానే మూటలను రెండు వరసలుగా వేసేవాడు. ఒక వరస తిండికీ, అమ్మకానికీ. రెండో వరస విత్తనానికి. తిండి మూటలోంచి మేము జేబులనిండా కాయలు తీసుకున్నా ఆయన పట్టించుకునేవాడు కాడు. విత్తనపు మూట మీద చెయ్యి వేస్తే మాత్రం బెత్తం తీసేవాడు. "తిండి మూటలో ఎలుక పడితే ఈ యేడు పోతాది. విత్తనపు మూటలో పడితే వచ్చే యేడు పోతాది," అనేవాడు.

మన ఒంట్లో కూడా ఇట్లాంటి రెండు మూటలున్నాయి. చర్మం, ఎముక, కండ, ఇవన్నీ తిండి మూట. వాటికి దెబ్బ తగిలితే ఆ మనిషికే నష్టం. ముందు తరానికి వెళ్ళే కణాలు మాత్రం విత్తనపు మూట. వాటిలో, రాబోయే బిడ్డ ఎట్లా తయారుకావాలో జన్యువుల రూపంలో రాసి ఉంటుంది. కిరణం వచ్చి ఆ రాతలో ఒక అక్షరం చెరిపితే, కణం దాన్ని చాలావరకు తానే దిద్దుకుంటుంది. ఎక్కడో ఒక చెరుపు అయితే సరే. పేజీకి పేజీ చెరిగిపోతే దిద్దటానికి వీలుండదు. నార్వే చేపల గుడ్లు చనిపోవటానికి కారణం ఇదే కావచ్చు.

మరొకటి కూడా గుర్తుకొచ్చింది. మన వేరుశనగ విత్తనం మీద మనుషులు కావాలనే ఈ పని చేశారు! బొంబాయి పక్కన ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రంవారు వేరుశనగ విత్తనాలకు ఎక్సు కిరణాలు తగిలించి, మొలిచిన మొక్కల్లో మంచి మార్పు వచ్చినవాటిని ఏరి, వాటినుంచి కొత్త రకాలు తయారుచేశారు. ఆ రకాలు 1973 నుంచి రైతులకు అందుతున్నాయి. ఆ కాయల్లో కిరణాలేమీ ఉండవు. విత్తనపు రాత మాత్రం మారింది. కాని, మంచి మొక్క ఒకటి దొరకటానికి ఎన్నో మొక్కలను పీకి పారేయవలసి ఉంటుంది. మొక్కలను పారేస్తాం. మనిషి బిడ్డలను పారేస్తామా? అందుకే మనుషుల విత్తనపు మూటను కిరణాలకు దూరంగా ఉంచాలి.

సోమవారం పొద్దున నేను పదో తరగతికి వెళ్ళాను. "పోయినవారం నేను మీకు తప్పు చెప్పాను. ఇవాళ దిద్దుతాను," అన్నాను. తరగతి అంతా నిశ్శబ్దమయింది. ప్రధానోపాధ్యాయుడు తప్పు చెప్పానని అనటం వాళ్ళెన్నడూ వినలేదు కాబోలు.

ముందు చేపల కథ చెప్పాను. తరవాత నల్లబల్ల మీద లెక్క వేశాను. రెండో గుంపు చేపలకు మొత్తం 5.2 గ్రేలు తగిలాయి. అంటే 5,200 మిల్లీగ్రేలు. మనుషులకు తగిలే కిరణాలను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. గామా కిరణాల మటుకు రెండు కొలతలూ ఒకటే అనుకోవచ్చు. నేలనుంచీ, గాలినుంచీ, ఆకాశంనుంచీ ప్రతి మనిషికీ ఎట్లాగూ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతూనే ఉంటాయి. కిరణాల మధ్య పనిచేసేవారికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు దాటరాదని మన దేశపు నిబంధన.

"ఇప్పుడు 5,200 ను 20 తో భాగించండి," అన్నాను.

"260 సార్!" అని నలుగురైదుగురు అరిచారు.

"పనివాడికి ఏడాదంతటికీ పెట్టిన హద్దుకు 260 రెట్లు, ఆ చేపలకు నెల తిరక్కముందే తగిలాయి. అన్నీ చనిపోయిన గుంపుకు అంతకన్న ఎన్నో రెట్లు. ఇక మనుషుల సంగతి వినండి. 1945 లో హిరోషిమా, నాగసాకి పట్టణాల మీద అణుబాంబులు వేశారు. తరవాత 1948 నుంచి 1954 దాకా అక్కడ పుట్టిన బిడ్డలను, 70 వేలమందికి పైగా, డాక్టర్లు పరీక్షించారు. తల్లిదండ్రులకు కిరణాలు తగిలినందువల్ల బిడ్డల్లో అవకరాలు పెరిగినట్టు లెక్కల్లో తేలలేదు. బాంబు పడేనాటికే తల్లి కడుపులో ఉండిన బిడ్డల సంగతి వేరు. కిరణాలు వారికి నేరుగా తగిలాయి. వారిలో కొందరికి మెదడు సరిగా ఎదగలేదు. ఎక్సురే గది బయట, గర్భిణీ స్త్రీలు ముందుగా చెప్పాలని బోర్డు ఉంటుంది, చూశారా? అది ఇందుకే," అని చెప్పాను.

ఆ తరవాత, కిరణాలు తగిలిన మనిషిని ముట్టుకున్నంత మాత్రాన అవి మనకు అంటుకోవనీ, అది గజ్జిలాంటిది కాదనీ చెప్పాను. ఎండలో నిలబడి వచ్చినవాణ్ణి ముట్టుకుంటే మనకు ఎండదెబ్బ తగులుతుందా? అంతే. ఒక్క దుమ్ము సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. గనిలో పనిచేసేవారు అక్కడి దుమ్మును ఇంటికి తీసుకురాకూడదు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి.

పాఠం అయ్యాక పిల్లలందరినీ వేపచెట్టు కిందికి తీసుకుపోయాను. ఆ అమ్మాయిని పిలిచి, "అమ్మా, నాకు దాహంగా ఉన్నది. బానలోంచి నీ చేత్తో గ్లాసెడు నీళ్ళు ముంచి ఇయ్యి," అన్నాను. ఇచ్చింది. తాగాను. నా తరవాత, శనివారంనాడు గ్లాసు లాక్కున్న కుర్రవాడు తలవంచుకుని వచ్చి, "నాకు కూడా ఇయ్యి," అన్నాడు.

సాయంత్రం ఆమె మళ్ళీ నా గదికి వచ్చింది. "అయితే భయం లేదా సార్?" అన్నది.

ఇక్కడ నేను రెండో తప్పు చెయ్యదలచలేదు. "చేపలకు తగిలినంత మీ అన్నకు తగలదు. మీ వదిన గనిలోకి పోదు. అందుచేత ఇప్పుడు నువ్వు ఆ చేపలను తలుచుకుని కుమిలిపోవలసిన పని లేదు. కాని భయం లేదని నేనెట్లా చెప్పేది? కొలవకుండా భయపెట్టటమూ తప్పే, కొలవకుండా ధైర్యం చెప్పటమూ తప్పే. గని పనివాళ్ళకు ఎంత తగిలిందో లెక్క కడతారు. ఆ లెక్క అడిగి ఒక పుస్తకంలో రాసుకోమని మీ అన్నతో చెప్పు. మీ బోరునీళ్ళను పరీక్ష చేయించమను. యురేనియం నీళ్ళలో ఉంటే, కిరణాలకన్న ముందు, విషంలాగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పారు. పరీక్ష కాగితం వచ్చేదాకా మీ వదినకు వేరే మంచినీళ్ళు ఇప్పించండి," అన్నాను.

ఆమె ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళింది.

నాలుగు నెలల తరవాత ఒకరోజు పొద్దున్నే చేతిలో బెల్లం ముక్కలతో పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, మా వదినకు పాప పుట్టింది! బాగుండాది సార్," అన్నది. నేను బెల్లం నోట్లో వేసుకున్నాను. అంత తియ్యటి బెల్లం నేను మళ్ళీ తినలేదు.

పిల్లలూ, నేను పంతులును గనక ఇక్కడొక మాట చెప్పాలి. ఒక్క బిడ్డ బాగా పుట్టినంతమాత్రాన శాస్త్రం ఏదీ తేల్చదు. ఒక్క బిడ్డ బాగా పుట్టకపోయినా తేల్చదు. అందుకే శాస్త్రజ్ఞులు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు. 1986 లో చెర్నోబిల్ అనే చోట అణువిద్యుత్ కేంద్రం పేలిపోయింది. అక్కడ కిరణాలు తగిలినవారికి 1987 నుంచి 2002 దాకా పుట్టిన 130 మంది పిల్లల జన్యువులను అక్షరం అక్షరం చదివి, 2021 లో ఫలితం ప్రకటించారు. మామూలు పిల్లలకన్న వారిలో కొత్త మార్పులు ఎక్కువగా లేవు. ఈ వార్త చదివిన రోజున నేను ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. అప్పటికి ఆమె కాలేజీలో చదువుతున్నది.

"మా అన్న ఇంకా ఆ పుస్తకం రాస్తానే ఉండాడు సార్," అన్నది. మొదటి పేజీలో నీళ్ళ పరీక్ష అంకె ఉన్నదట. దాని కింద గనిలో అతనికి తగిలిన లెక్కలు వరసగా ఉన్నాయట. ఆ వరస మధ్యలో, ఎర్ర సిరాతో, పాప పుట్టిన తేదీ రాసి ఉన్నదట.

మీరు కూడా ఎవరైనా భయంకరమైన మాట చెబితే, చెప్పినవాడు మీ సారే అయినా సరే, లేచి నిలబడి, "ఎంత సార్?" అని అడగండి.